హైదరాబాద్‌లో ఫంక్షన్ హాలు బుకింగ్ యాప్: చాలాకాలం వాడాక సమీక్ష

పెళ్లి హాలు వెతికి బుక్ చేసే యాప్‌లో అన్నిటికంటే కష్టమైన పని తేదీ. ఫొటోలు, రేటింగులు, మ్యాపులు ఎవరైనా పెట్టగలరు. పెళ్లి ఏర్పాట్ల పనిలో కొన్ని సీజన్లుగా రోజూ వాడుతున్న ఒక యాప్ గురించి ఇది. ఈ కోవ యాపులు చాలావరకు ఒకే అచ్చులో తయారవుతున్నాయి కాబట్టి పేరు కంటే లోపలి అమరిక గురించి మాట్లాడుకోవడమే మేలు.

రాత్రి 1.42కి ముహూర్తం అనుకోండి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అందుకే శుభలేఖలో ‘గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం’ అని వేస్తారు. ఫోన్ క్యాలెండర్ లెక్కలో మాత్రం అది శుక్రవారమే. యాప్‌లో శుక్రవారం నొక్కితే ఆ ఉదయం 6 గంటలకు మొదలయ్యే స్లాటు వస్తుంది, అంటే ముహూర్తం వేళ దాటిన నాలుగు గంటలకు హాలు చేతికొస్తుంది. నొక్కాల్సింది గురువారం. స్లాటు వేళలు యాప్‌లో ఉన్నాయి, కానీ డబ్బు కట్టే పేజీలో, అదీ సన్నని అక్షరాల్లో. ఈ పొరపాటు ఎప్పుడు బయటపడుతుందంటే హాలు మేనేజరు ఫోన్ చేసినప్పుడు. అప్పటికి అసలు రాత్రిని ఇంకొకరు తీసుకుని ఉంటారు.

దీనికి మందు సులువే. యాప్ ముందుగా తేదీ కాకుండా ముహూర్తం గంట అడగాలి. దాన్నుంచి వెనక్కి లెక్కవేసి ‘హాలు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కావాలి’ అన్నది తనే చూపించాలి. పొద్దున 9.20 ముహూర్తమైతే మగపెళ్లివారు ముందు రోజు సాయంత్రమే విడిదికి దిగుతారు, ఎదుర్కోలు అక్కడే జరుగుతుంది, మండపం కట్టేవాళ్లకు ఆరేడు గంటలు కావాలి. కనుక లోపల నిల్వ చేయాల్సింది ఒక తేదీని కాదు, మొదలయ్యే గంటనూ ముగిసే గంటనూ. ఒకే హాలుకి రెండు బుకింగుల గంటలు ఒకదాని మీదికి ఒకటి రాకుండా డేటాబేస్ స్థాయిలోనే అడ్డుకోవాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడేవాళ్లకు ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అనే నియమం సరిగ్గా ఈ పని కోసమే ఉంది. పాత పూలు, ఆకులు తీసి కడగడానికి రెండు మూడు గంటలు కూడా ఆ లెక్కలో కలపాలి. లేకపోతే పగటి పెళ్లి, సాయంత్రం రిసెప్షన్ వేర్వేరు కుటుంబాలవైతే గుమ్మం దగ్గరే గొడవ.

ముహూర్తాల క్యాలెండర్ ఈ యాప్‌లో ఉంది, నాకు అది సగమే నచ్చింది. ఆషాఢం, మూఢం, అధిక మాసం గుర్తించడం మంచిదే. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, వేసవి సెలవుల్లో చేద్దామనుకున్నవాళ్లు అటో ఇటో జరగాల్సిందే, ఆ ఒత్తిడి పక్క వారాల మీద పడుతుంది. కానీ ముహూర్తం లేదని తేదీని పూర్తిగా దాచేయడం తప్పు. వధూవరుల నక్షత్రాలు చూసి పురోహితుడు పెట్టేదాన్ని యాప్ తేల్చలేదు. పైగా టోలిచౌకిలో వలీమాకి (ముస్లింల పెళ్లి విందుకి) హాలు వెతికేవాళ్లకు ఆషాఢంతో పని లేదు. వాళ్లకు రంజాన్ ఎప్పుడు ముగుస్తుందో కావాలి, ఆ వెంటనే వచ్చే షవ్వాల్ నెలలో హాళ్లు దొరకవు. తేదీ పక్కన చిన్న గుర్తు చాలు, తలుపు మూయకూడదు.

సామర్థ్యం దగ్గర యాప్ ఇచ్చే అంకె ఒక్కటే: 1,000 మంది. ఇది దేనికి? కుర్చీలు వేస్తే కూర్చునేవాళ్లా, వచ్చిపోయేవాళ్లతో కలిపా, తెలియదు. అసలు చూడాల్సింది డైనింగ్ హాలు. అక్కడ 250 మంది పడితే 1,000 మందికి నాలుగు బంతులు. బంతికి 40 నిమిషాలు, ఆకులు తీసి తుడవడానికి 10 నిమిషాలు, మొత్తం 3 గంటల 20 నిమిషాలు. 8 గంటలకు వడ్డన మొదలుపెడితే చివరి బంతి లేచి, తుడవడం అయ్యేసరికి 11.20. ఈ లెక్కను యాప్ అంకెలు నింపే రెండు పెట్టెలతో వేసి చూపించగలదు, చూపించడం లేదు. పెళ్లివారు హాలు వైశాల్యం చూసి మురిసిపోయి, భోజనాల దగ్గర మాట పడుతున్నారు. అది చూస్తే బాధేస్తుంది.

ఆరుబయట లాన్లకు ఇంకో చిక్కు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు, వాయిద్యాలు వాడకూడదు, మూసి ఉన్న హాలులో అయితే లోపలివారి వరకు వాడుకోవచ్చు. రాత్రి ముహూర్తం పెట్టుకుని శంషాబాద్ వైపు గార్డెన్ తీసుకుంటే సన్నాయి మేళానికే ఇబ్బంది. ఈ యాప్‌లో ‘లాన్’, ‘ఏసీ హాలు’ ఫిల్టర్లు ఉన్నాయి, బాగా పనిచేస్తాయి. ముహూర్తం గంటతో వాటిని ముడిపెట్టి హెచ్చరిస్తే ఎంతో ఉపయోగం.

ధరల వరస పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. ‘తక్కువ ధర ముందు’ నొక్కితే 1,100 అన్నది పైన, 3,00,000 అన్నది కింద వస్తాయి. మొదటిది హాలు కూడా కలిసిన ప్లేటు ధర, రెండోది ఒట్టి హాలు అద్దె. ఉదాహరణకు 800 మందికి లెక్కేయండి. ప్లేటు పద్ధతిలో 8,80,000. అద్దె హాలుకి 3,00,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 54,000, మన కేటరర్‌కి ప్లేటు 600 చొప్పున 4,80,000, కలిపితే 8,34,000. రెండు చోట్లా భోజనం మీద పన్ను వేరే. అద్దె హాలులో కరెంటు యూనిట్ల లెక్క, జనరేటర్ డీజిల్, క్లీనింగ్, బయటి డెకరేటర్‌ని తెచ్చుకుంటే హాలువాళ్లకు కట్టే రాయల్టీ కూడా కలపాలి, అప్పుడు వరస తారుమారు కావచ్చు. అతిథుల సంఖ్య ముందే అడిగి, అన్నీ కలిపిన మొత్తాన్ని బట్టి వరస పెట్టాలి. ట్రస్టులు నడిపే గుడి కళ్యాణ మండపాలకు అద్దె రోజుకు 10,000 లోపు ఉంటే జీఎస్టీ మినహాయింపు ఉంది, యాప్ వాటికీ 18 శాతం వేసేస్తోంది.

వెతుకులాట బాగుంది. కొంపల్లి పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా కొట్టినా పట్టుకుంటుంది. అత్తాపూర్ వైపు హాళ్లకు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు ఇవ్వడం తెలివైన పని, ఊరి నుంచి బస్సులో వచ్చే చుట్టాలకు చెప్పాల్సింది అదే. నచ్చిన మూడు నాలుగు హాళ్లను ఒకే కార్డుగా వాట్సాప్‌లో పంపే ఏర్పాటు కూడా నాకెంతో ఇష్టం. నిర్ణయం పెద్దల ఇంట్లో జరుగుతుంది గానీ యాప్ తెరిచినవాడి చేతిలో కాదు, ఆ సంగతి గ్రహించిన డిజైనర్ ఎవరో గానీ మెచ్చుకోవాలి.

తెలుగు తెరల్లో ఒత్తులు తెగుతున్నాయి. 14 సైజు అక్షరానికి ఇంగ్లిష్ లెక్కన 18 లైన్ హైట్ (వరుస ఎత్తు) ఇస్తే ‘ఫంక్షన్’లో కింది ఒత్తు బటన్ అంచుకు తగులుతుంది. 22 నుంచి 24 ఇవ్వాలి, బటన్ వెడల్పును అంకెతో బిగించకుండా మాటను బట్టి సాగనివ్వాలి.

చివరిగా, ‘ఖాళీ ఉంది’ అన్న పచ్చ గుర్తును నమ్మే తీరు. చాలా హాళ్లకు అసలు రికార్డు మేనేజరు బల్ల మీది డైరీయే, బ్రోకర్లు కూడా అదే డైరీలో రాయిస్తారు. కాబట్టి గుర్తు పక్కన ‘హాలువారు ఎప్పుడు ఖాయం చేశారు’ అన్న సమయం ఉండాలి. మనం అడిగిన వెంటనే మేనేజరు వాట్సాప్‌కి ఒక ప్రశ్న వెళ్లి, ఒక్క నొక్కుతో అవుననో కాదనో చెప్పే వీలుండాలి. జవాబు వచ్చేదాకా అడ్వాన్స్ తీసుకోకూడదు. ఈ యాప్ ముందే తీసుకుని, హాలు లేదంటే తిరిగి ఇస్తుంది, డబ్బు రావడానికి పట్టే రోజుల్లో రెండో హాలూ పోతుంది. యూపీఐకి సాధారణ పరిమితి లక్ష రూపాయలు గనుక పెద్ద అడ్వాన్సుకు బ్యాంకు బదిలీ దారి కూడా అదే పేజీలో చూపాలి. మిగతాది నగదుగా ఇమ్మని హాలువారు అడగడం మామూలే. ఒకే వేడుకకు ఒకరి దగ్గర 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఆ మాట రసీదు మీదే అచ్చయి ఉంటే ఆడపిల్ల తండ్రి వాదించాల్సిన పని ఉండదు.