అరలో ఆరేడు మడత చాకులున్నాక తరవాతిది ఏది? చాన్నాళ్ళు వాడాక తేలిన లెక్క

చాకులు పోగేసేవాళ్ళ పెట్టె తెరిస్తే చాలాసార్లు ఒకే చాకు ఆరేడు వేషాల్లో కనిపిస్తుంది. ఎనిమిది సెంటీమీటర్ల బ్లేడు, లైనర్ లాక్ (పిడి లోపలి పలచటి రేకు బ్లేడు వెనక అడ్డంగా నిలిచే రకం), బొటనవేలితో తెరిచే బొడిపె, జేబు క్లిప్. మారేదల్లా పిడి రంగూ, స్టీలు పేరూ. కొత్తది కొనేముందు స్టీలు పేర్లు కాసేపు పక్కన పెట్టి రెండే చూడమంటాను: మీ దగ్గర లేని లాక్ ఏది, మీ దగ్గరున్న వాటికన్నా పలచటి అంచు దేనిది. కింద రాసినవన్నీ చాలాకాలంగా వాడుకలో ఉన్నవే. కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి కాబట్టి, పాతబడ్డాక ఏది ఎక్కడ మొరాయిస్తుందో చెప్తాను.

ముందు ఒపినెల్ నం. 8, కార్బన్ స్టీలు రకం. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో 1890లో పుట్టిన చాకు. బ్లేడు 8.5 సెం.మీ., బరువు 45 గ్రాముల చుట్టూ ఉంటుంది. పిడి మొదట్లో ఉన్న లోహపు ఉంగరాన్ని తిప్పితే తెరిచిన బ్లేడు మళ్ళీ మూసుకోదు. ఆ ఉంగరం 1955లో వచ్చింది. 2000 తరవాతి చాకుల్లో మూసి ఉన్నప్పుడు కూడా బిగించుకోవచ్చు. ఎంత గొప్ప లాక్ ఉన్న చాకైనా కోతలో దీన్ని దాటడం కష్టం. ఇందులో స్టీలు గొప్పేం లేదు, అంతా బ్లేడు పలచనలో ఉంది. లావుపాటి క్యారెట్ అడ్డంగా కోసి చూడండి. ఇది అడుగుదాకా దిగుతుంది. మందపాటి అంచున్న చాకు సగం దిగి, మిగతా సగాన్ని టప్పున విరగ్గొడుతుంది.

దీంతో పేచీ అంతా కర్రతోనే. పిడి బీచ్ అనే చెట్టు కర్రది, తడి తగిలితే ఉబ్బి బ్లేడుని రెండు పక్కల నుంచీ పట్టేస్తుంది. అప్పుడు గోటితో లాగితే గోరు విరుగుతుంది గానీ చాకు తెరుచుకోదు. ఉంగరాన్ని తెరిచే చోటికి తిప్పి, పిడి వెనక కొసను బల్లకేసి గట్టిగా కొట్టండి. మొన కాస్త పైకి లేస్తుంది, వేళ్ళతో పట్టుకుని తెరవొచ్చు. సవోయ్‌లో చేసేదీ ఇదే.

శాశ్వతంగా వదిలించుకోవాలంటే ఉంగరం తీయాలి. సర్‌క్లిప్ ప్లయర్‌తో (ఇలాంటి ఉంగరాల నోరు తెరిచే పట్టుకారు) ఉంగరం నోరు జారేటంత మాత్రమే తెరవండి. ఎక్కువ సాగదీస్తే తరవాత వదులైపోయి తనంతట తనే తిరుగుతుంది. బ్లేడు మొదలుకి రెండు పక్కలా మెత్తటి పెన్సిల్ రుద్ది, నాలుగైదుసార్లు మూసి తెరిస్తే గాడిలో ఎక్కడ రాసుకుంటోందో అక్కడ నల్లగా అంటుతుంది. 220 నంబరు ఉప్పుకాగితాన్ని పలచటి అట్టముక్కకి చుట్టి ఆ నల్ల మచ్చలనే గీకండి. రెండు మూడు రుద్దులకొకసారి బ్లేడు ఆడించి చూడాలి. మరీ గీకితే గాలిలో తేమ తగ్గినప్పుడు బ్లేడు పక్కలకు ఊగుతుంది, గీకిన కర్ర తిరిగి రాదు. ఆ తరవాత అవిసె నూనె పలచగా పూసి, పావుగంట ఆగి తుడిచి, రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. కీలు దగ్గర నూనెలో నానబెట్టమని కొందరు చెప్తారు. నా మట్టుకు నాకు నచ్చని సలహా, నూనె తాగినా కర్ర ఉబ్బుతుంది. అన్నట్టు, అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి పడెయ్యకండి. ఆరేటప్పుడు లోపల వేడి పుట్టి తనంతట తనే అంటుకుంటుంది. విప్పి పరిచి ఆరేయాలి.

కార్బన్ స్టీలు కాబట్టి పండు కోసిన వెంటనే తుడవాలి. వాడగా వాడగా బూడిద, నీలం కలిసిన మరకలు కడతాయి. అవి ఉండనివ్వండి, తుప్పుని కొంత ఆపుతాయి. ఎర్రగా కనిపిస్తే మాత్రం తుప్పే. చుక్క నూనె వేసి సన్నటి స్టీల్ ఊల్‌తో రుద్దేయాలి.

విక్టోరినాక్స్ గురించి క్లుప్తంగా. ఎర్ర ప్లాస్టిక్ పిడిది ఎలాగూ ఉండే ఉంటుంది కాబట్టి, గళ్ళ అల్యూమినియం పిడి క్యాడెట్ (84 మి.మీ.) గానీ పయనీర్ (93 మి.మీ.) గానీ చూడండి. స్టీలు మెత్తన, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 56 దగ్గర. పదును త్వరగా పోతుంది, మామూలు సానరాయి మీద అంతే త్వరగా వస్తుంది. బ్లేడుకి లాక్ లేదు, వెన్ను స్ప్రింగ్ బిగువే ఆధారం. దీన్ని లోపమనుకోవద్దు. బ్రిటన్‌లో ప్రత్యేక కారణం చూపకుండా జేబులో పెట్టుకోదగ్గది లాక్ లేని, అంచు 3 అంగుళాలు దాటని మడత చాకు ఒక్కటే. కీళ్ళలో జేబు దూది చేరినప్పుడు గోరువెచ్చటి నీళ్ళలో తెరుస్తూ మూస్తూ కడిగి, పూర్తిగా ఆరాక కీలుకో చుక్క మినరల్ ఆయిల్ వేస్తే చాలు. వంటనూనె ముదిరి జిగురవుతుంది. పిడి రివెట్లతో బిగించింది కాబట్టి విప్పడానికి లేదు. విప్పి చూడాలన్న దురద ఉన్నవాళ్ళకి అదే మందు.

బ్యాక్ లాక్‌ని, అంటే పిడి వెన్ను మీది మీట నొక్కి మూసే రకాన్ని, ఇంటింటికీ చేర్చింది 1964లో వచ్చిన బక్ 110. ఇత్తడి కొసలతో 200 గ్రాములు, జేబుకి బరువు, బెల్టుకి సరి. రోజువారీ జేబుకైతే స్పైడర్కో డెలికా 4 హాయి: 71 గ్రాములు, విజి-10 స్టీలు, ఒంటిచేత్తో తెరవడానికి బ్లేడులో గుండ్రటి కన్నం. ఈ లాక్‌లో లోహం అరిగి చెడిపోవడం అరుదు, చెత్త ఇరుక్కోవడమే మామూలు. బ్లేడు మొదట్లో చిన్న గాడి ఉంటుంది, తెరవగానే లాక్ మీట కొక్కెం అందులో దిగాలి. గాడి అడుగున దూదో కాగితపు పొడో చేరితే పూర్తిగా దిగదు. తెరిచినప్పుడు 'టక్'మనే చప్పుడు మందంగా వినిపిస్తుంది, పిడి వెన్ను మీద వేలు పోనిస్తే మీట కాస్త ఎత్తుగా తగులుతుంది. ఈ రెండిట్లో ఏది కనిపించినా కోయడం ఆపి, పుల్లతో గాడి శుభ్రం చేయండి. బ్లేడుని పైకీ కిందికీ అదిమితే వెంట్రుకవాసి కదలిక ఈ రకంలో మామూలే. దానికోసం స్క్రూ బిగిస్తే కీలు పట్టేస్తుంది, ఆ కదలిక పోదు. డెలికా మొన సన్నం. డబ్బా మూతలు ఎత్తడానికి వాడితే విరుగుతుంది.

టైటానియం ఫ్రేమ్ లాక్ చాకులు (పిడి పలకలోనే ఒక ముక్క బ్లేడు వెనక అడ్డంగా నిలిచే రకం) చేతిలో దర్జాగా ఉంటాయి, అందుకే పెట్టెల్లో ఎక్కువ పేరుకుంటాయి. టైటానియం మెత్తన, బ్లేడు గట్టి. రెండూ రాసుకునే చోట లాక్ అంటుకుపోయి, మూసేటప్పుడు బొటనవేలు నొప్పి పుడుతుంది. ఆ ముఖం మీద పెన్సిల్ గీత గీస్తే కొన్నాళ్ళు సర్దుకుంటుంది. అక్కడ నూనె మాత్రం వద్దు, లాక్ జారుతుంది. లాక్ కొసకి విడిగా స్టీలు ముక్క బిగించిన రకం ఎంచుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

అడ్డకడ్డీ లాక్, అంటే పిడిలో అడ్డంగా జారే కడ్డీ బ్లేడుని పట్టి ఉంచే క్రాస్‌బార్ రకం, పేటెంట్ గడువు తీరాక చాలా కంపెనీల్లో వస్తోంది. ఏ చేతివాటమైనా ఒకటే, మూసేటప్పుడు వేళ్ళు బ్లేడు దారిలోకి రావు. బలహీనత లోపలి రెండు సన్నటి తీగ స్ప్రింగుల్లో ఉంది. ఒకటి తెగితే కడ్డీ వంకరగా కదులుతుంది, ఒక పక్క మెత్తగా తగులుతుంది. రెండోది ఉన్నంతవరకు లాక్ పడుతుంది గానీ, అలా నెట్టుకురావద్దు. కొనేటప్పుడే స్ప్రింగులు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోండి.

పెట్టెలో అన్నీ లైనర్, ఫ్రేమ్ లాక్‌లే ఉంటే తరవాతిది కార్బన్ ఒపినెల్ కావాలి. అది ఉంటే అడ్డకడ్డీది. ఇంకో ఫ్రేమ్ లాక్ ఆఖర్న.

ఇక స్టీలు. అంచు వెనక మందం 0.3 మి.మీ. ఉన్న 14సి28ఎన్ అనే మామూలు స్టీలు, 0.7 మి.మీ. ఉన్న ఖరీదైన స్టీలు కన్నా బాగా కోస్తుంది. కాలిపర్‌తో అంచుకి కాస్త పైన కొలిస్తే తెలిసిపోతుంది. ఎస్30వి అనే స్టీలులో 4 శాతం, ఎస్90విలో 9 శాతం వనేడియం అనే లోహం ఉంటుంది. అది కార్బన్‌తో కలిసి ఏర్పడే వనేడియం కార్బైడ్లు మామూలు సానరాయి రేణువుల కన్నా గట్టివి, అందుకే వజ్రపు పలక లేకుండా ఎస్90వి కొనడం దండగ. 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే స్టీలు తుప్పుని బాగా ఓర్చుకుంటుంది, పెళుసుగా ఉండదు. తడిలో పనిచేసేవాళ్ళకి దానికి ఖర్చుపెట్టడం సబబే.

చాకు చేతికొచ్చిన రోజే లైటు కింద పట్టి చూడండి. లైనర్, ఫ్రేమ్ లాక్‌లలో లాక్ కొస బ్లేడు మొదలు వెడల్పులో మూడోవంతు దాకా వస్తే మంచిది. కొత్తలోనే సగం దాటేసిందంటే అరిగేకొద్దీ అవతలి అంచుకి పోతుంది, తిప్పి పంపేయండి. మూసి గట్టిగా విదిలిస్తే బ్లేడు కదలకూడదు. తెరిచి పక్కలకి అదిమితే ఊగకూడదు. ఊగితే కీలు స్క్రూని పూర్తి చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున బిగించండి. ఎక్కువగా టి8 బిట్ (నక్షత్రం ఆకారపు కొస ఉన్నది) పడుతుంది, క్లిప్ స్క్రూలకి టి6. స్క్రూ కదలకపోతే బలం పెట్టొద్దు, తల గాడి చెడుతుంది. సోల్డరింగ్ ఐరన్ కొస కొన్ని సెకన్లు స్క్రూ తల మీద ఆనిస్తే లోపలి జిగురు మెత్తబడుతుంది. తిరిగి బిగించేటప్పుడు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) సూదిమొనంత చాలు. అది వాషర్ల మీదికి పాకితే కీలు బంకపడుతుంది.

పాతవి కొనేవాళ్ళకి ఇంకో మాట. తాబేటి చిప్పలాగానో ముత్యపు చిప్పలాగానో మెరిసే పాత పిడి చాలాసార్లు సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ అయి ఉంటుంది. వేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తుంది. అది కుళ్ళడం మొదలైతే వచ్చే ఆమ్లపు ఆవిరి పక్క చాకుల బ్లేడులని కూడా తుప్పు పట్టిస్తుంది, ఇత్తడిని పచ్చగా మారుస్తుంది. దాన్ని మూత బిగించిన పెట్టెలో కాక, మిగతావాటికి దూరంగా గాలి ఆడేచోట ఉంచి, నెలకోసారి పగుళ్ళు చూడండి. బాగా మండే పదార్థం కూడా, వేడికీ మంటకీ దూరం పెట్టాలి. ఏ చాకునీ తోలు సంచిలో నిల్వ చేయొద్దు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, పచ్చి తోలుని శుద్ధి చేసేటప్పుడు వాడిన లవణాలు బ్లేడు మీద చుక్కలు చుక్కలుగా తుప్పు తెప్పిస్తాయి.