రెండు పుట్టుమచ్చలు: పేట యాప్‌లో అనుమానితుల వర్ణన, పదేళ్ల వాడకం తరువాత

కాలిఫోర్నియాలో, ఓక్లాండ్‌కు ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్లో మా ఇల్లు. 2015 వేసవి నుంచి మా పేటవాళ్ల యాప్ వాడుతున్నాను. ఏ యాప్ అన్నది చెప్పను. ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి, వాటిలో రాసే మనుషుల తీరు మాత్రం ఒక్కటే. తప్పిపోయిన పిల్లి, అమ్మకానికి పెట్టిన సోఫా, రాత్రి వినబడింది తుపాకీయా టపాకాయా అన్న చర్చ, వీటన్నింటికీ అది బాగానే పనికొస్తుంది. నేను ఇక్కడ చెప్పేది దానిలోని ఒక్క భాగం గురించే: దొంగతనం జరిగినప్పుడో, ఎవరి మీదనైనా అనుమానం కలిగినప్పుడో ఆ మనిషిని వర్ణించడానికి ఇచ్చే ఫారం. ఐదుకు మూడున్నర నక్షత్రాలు ఇస్తాను. మొదట్లో రెండే ఇచ్చేదాన్ని.

నేను చేరిన రోజుల్లో ఫారం లేదు, ఖాళీ పెట్టె ఉండేది. ఆ ఏడాది దసరాకు ముందు, మా అత్తగారు గుంటూరు నుంచి పంపిన పార్సిల్ గుమ్మం ముందు నుంచి పోయింది. ఆవకాయ, సున్నుండలు, ఒక వెంకటగిరి చీర. వంటింటి కిటికీలోంచి ఇద్దరు కుర్రాళ్లు పరుగెత్తడం చూశాను. చేతికి అంటిన పిండి కూడా కడుక్కోకుండా రాసేశాను: "ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు, హుడీలు వేసుకున్నారు. అందరూ జాగ్రత్త."

గంటలో నలభై వ్యాఖ్యలు వచ్చాయి. ఒకాయన నిన్ననే తన వీధిలో వాళ్లను చూశానన్నాడు. ఇంకొకామె పోయిన నెలలోనే చూసిందట. నేను రాసినదాంట్లో "వాళ్లు" ఎవరో తేల్చే మాట ఒక్కటి కూడా లేదు. అయినా అందరికీ వాళ్లు కనబడ్డారు! అన్నింటికీ అడుగున, మాకు నాలుగిళ్ల అవతల ఉండే నల్లజాతి పెద్దమనిషి రాసిన రెండు వాక్యాలు: "మా అబ్బాయిలిద్దరూ ఇదే దారిన బడికి వెళ్తారు. మీరు చూసినవాళ్ల గురించి ఇంకేమైనా చెప్పగలరా?"

చెప్పలేకపోయాను. సాయంత్రం మా ఆయన హుడీలు ఏ రంగువని అడిగితే అదీ చెప్పలేకపోయాను. ఒకడు పొడుగా, ఇద్దరూ ఒకే ఎత్తా? సంచి ఎవరి చేతిలో ఉంది? నా కళ్లు ఒక్క సంగతి పట్టుకుని, మిగతాదంతా చూడటం మానేశాయి. పార్సిల్ దొరకలేదు. ఆ వ్యాఖ్యకు జవాబు నేను ఈనాటికీ రాయలేదు.

మా ఊళ్లో ఇది జరుగుతున్నప్పుడే పక్కన ఓక్లాండ్‌లో పెద్ద గొడవ నడిచింది. అక్కడ నెక్స్ట్‌డోర్ అనే పేటవాళ్ల యాప్ వాడేవాళ్లు "నేరాలు, భద్రత" విభాగంలో పెట్టే పోస్టుల మీద నల్లజాతి నివాసులు కొందరు, వారికి తోడు మరికొందరు పొరుగువారు బృందంగా ఏర్పడి అభ్యంతరం చెప్పారు. నల్లజాతి మనిషి నడిచినా, తలుపు తట్టినా, కారులో కూర్చున్నా అది అనుమానాస్పదమే అయిపోతోందన్నది వారి ఫిర్యాదు. ఈస్ట్ బే ఎక్స్‌ప్రెస్ అనే స్థానిక వారపత్రిక అదే ఏడాది దాన్ని పెద్ద కథనంగా వేసింది, నగర మండలి సభ్యులూ కలగజేసుకున్నారు. 2016లో సంస్థ ఫారం మార్చింది. జాతి ప్రస్తావిస్తే చాలదు, జుట్టు, పై బట్టలు, కింది బట్టలు, బూట్లు, వీటిలో కనీసం రెండింటి గురించి రాయాలని పెట్టింది. లేకపోతే పోస్టు ముందుకు కదిలేది కాదు. స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త జెన్నిఫర్ ఎబర్‌హార్ట్ పరిశోధన దీనికి ఆధారం: తొందరలో ఉన్న మెదడు పాత మూసలోకి జారిపోతుంది, కాసేపు ఆపి ఆలోచించేలా చేస్తే ఆ జారడం తగ్గుతుంది. జాతిని బట్టి అనుమానించే పోస్టులు ప్రయోగ దశలో 75 శాతం తగ్గాయని సంస్థ ప్రకటించింది. తన పేపరు తానే దిద్దుకున్నది కనుక ఆ అంకెను నేను కొంత తగ్గించుకుని చదువుతాను. ఏమైనా, 2017లో మా యాప్‌లోకీ అలాంటి ఫారమే వచ్చింది.

మొదటిసారి దాన్ని చూసినప్పుడు నాకు పదో తరగతి సర్టిఫికెట్ గుర్తొచ్చింది. మా నాన్న చీరాల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై నాలుగేళ్లు లెక్కల మాస్టారు. పరీక్షలకు పిల్లల వివరాలు పంపే రోజుల్లో ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి పుట్టుమచ్చలు వెతికేవారు. ఒకటి దొరికితే చాలదు, రెండు కావాలి. రెండోది దొరకకపోతే మోకాలి మీది పాత దెబ్బ మచ్చయినా రాసేవారు. గుర్తు తెలియని మనిషి గురించి మన పత్రికల్లో వేసే ప్రకటనలూ అంతే కదా: చామనఛాయ, ఐదున్నర అడుగుల ఎత్తు, గళ్ల లుంగీ, కుడి చేతిపై పచ్చబొట్టు. అందులో ఒంటి రంగు ఉంటుంది కానీ దాంతోనే ప్రకటన ముగిసిపోదు.

అదే నాన్న 2018 నవంబరులో మా ఇంటికి వచ్చారు. తెల్లవారుజామున నడక ఆయనకు ఎప్పటినుంచో అలవాటు. చలికి మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి ఇంటి ముందూ ఆగి మొక్కలు చూస్తూ వెళ్లేవారు. మా వీధిలో నిమ్మచెట్లు ఎక్కువ. విరగకాసిన చెట్టు కింద కాయలు రాలి కుళ్లిపోవడం ఆయన చూడలేకపోయేవారు.

నాలుగో రోజు ఆఫీసులో ఉండగా ఫోనుకు పోస్టు వచ్చింది. ఫారం పద్ధతి ప్రకారం గడులన్నీ నింపి ఉంది. ఏం చేస్తున్నాడు: ఇళ్ల ముందు ఆగి లోపలికి పరిశీలిస్తున్నాడు. జాతి: హిస్పానిక్ కావచ్చు, మధ్యప్రాచ్యం కావచ్చు. తల: ముఖం చాలావరకు కప్పేసిన గోధుమరంగు ఉన్ని టోపీ. పైన: ముదురు ఆకుపచ్చ స్వెట్టర్, మోచేతి దగ్గర అతుకు. కింద: వదులైన తెల్ల పైజామా. కాళ్లకు: తెల్ల బూట్లు, నీలం సాక్సులు.

ఆ అతుకు వేసింది నేను. అంతవరకు చదివేసరికి ఒళ్లు చల్లబడింది. "ఆయన మా నాన్నగారు, మీ నిమ్మచెట్టు చూస్తున్నారు" అని వెంటనే రాశాను. పోస్టు పెట్టినామె పది నిమిషాల్లో దాన్ని తీసేసి, క్షమాపణ చెప్పి, సాయంత్రం ఒక సంచీ నిమ్మకాయలు తెచ్చి ఇచ్చింది.

ఫారానికి నేను పెంచిన మార్కులు ఇక్కడివే. జాతి గడిలో ఆమె రాసిన రెండూ తప్పే. సరిగ్గా ఉన్నది అతుకు. నేను 2015లో రాసినట్లు ఆమె కూడా ఒక్క ముక్కలో రాసి ఉంటే నేను దాన్ని చూసి, తలుపులు వేసుకోమని ఇంటికి ఫోను చేసేదాన్ని. మా నాన్న మీద జాగ్రత్తగా ఉండమని మా నాన్నకే!

ఒళ్లు చల్లబడటానికి వేరే కారణం ఉంది. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల తాత కొడుకు ఇంటి వీధిలో నడుస్తుంటే, పొరుగాయన ఒకరు పోలీసులకు ఫోను చేశాడు. సన్నగా ఉన్న నల్లజాతి మనిషి, ఉన్ని టోపీ పెట్టుకుని గరాజుల దగ్గర తిరుగుతున్నాడని చెప్పాడు. వచ్చిన పోలీసుకు ఆ పెద్దాయన తనకు ఇంగ్లిష్ రాదని చెప్పుకున్నాడు. పోలీసు ఆయనను నేలకేసి కొట్టాడు. మెడలో వెన్నెముక దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగ్గా ఆడకుండా పోయాయి. కారు కెమెరాలో అంతా రికార్డయింది. రెండు విచారణల్లోనూ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, 2016 జనవరిలో ఫెడరల్ జడ్జి ఆ పోలీసును నిర్దోషిగా వదిలేసింది. అమెరికాకు తల్లిదండ్రులను పిలిపించుకునే ప్రతి తెలుగు ఇంట్లో ఆ వీడియో గురించి మాట్లాడుకున్నాం.

ఆ రాత్రి నాన్నకు విషయం చెప్పి, మా చిరునామా, ఫోను నంబరు ఇంగ్లిష్‌లో రాసిన చీటీ ఆయన స్వెట్టర్ జేబులో పెట్టాను. ఆయన నవ్వేస్తారనుకున్నాను. కాసేపు ఊరుకుని, "మన బడిలో ఫీజు డబ్బులు పోయినప్పుడు మొదట ఎవరి సంచీలు విప్పించేవాణ్నో తెలుసా అమ్మా?" అన్నారు. నాకు తెలుసు. చీరాల, బాపట్ల మధ్య పెరిగిన వాళ్లందరికీ తెలుసు. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన, 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశాక, ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ పర్యవేక్షణలో ఉంచిన ఊరు స్టువర్ట్‌పురం. దేశమంతటా ఆ చట్టం 1952 నాటికి పోయింది. కానీ మా చిన్నప్పుడు ఎక్కడ సైకిలు పోయినా ఆ ఊరి పేరే వినబడేది. "వాళ్ల సంచీల్లో ఒక్కసారీ దొరకలేదు. అయినా మళ్లీసారీ వాళ్లవే విప్పించాను" అన్నారు నాన్న. మర్నాడు నడకకు వెళ్లలేదు. ఆ తరువాతి రోజు టోపీ లేకుండా వెళ్లి జలుబు తెచ్చుకున్నారు.

ఇక తగ్గించిన ఒకటిన్నర నక్షత్రాల సంగతి.

ఫారం పోస్టుకే ఉంది, కింద వ్యాఖ్యలకు లేదు. పైన మర్యాదగా గడులు నింపినాయనే కింద మనసులో మాట రాసేస్తాడు. డోర్‌బెల్ కెమెరా వీడియోకు కూడా ఫారం అడ్డు రాదు. "ఇతనెవరో తెలుసా?" అని పెడితే చాలు, మిగతా పని చూసేవాళ్ల కళ్లు చేసుకుంటాయి. అన్నింటికన్నా తెలివైన తప్పుదారి "ఈ పేటవాడిలా లేడు" అన్న మాట. జాతి పేరు ఎక్కడా ఉండదు, కనుక ఫారానికి అనుమానం రాదు. చదివేవాళ్లకు మాత్రం పూర్తిగా అర్థమవుతుంది.

ఇంకో పక్క నుంచీ చెడగొట్టేవాళ్లున్నారు. 2021లో కార్ల కింద నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్లు, అంటే పొగను శుభ్రం చేసే భాగాలు, కోసుకుపోయే దొంగతనాలు మా ప్రాంతంలో బాగా జరిగాయి. ఒకావిడ తెల్లవారుజామున తన కారు కింద దూరిన మనిషిని చూసింది. ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తూ నడవడం, మెడ మీద పచ్చబొట్టు, వ్యానులో వెనక అద్దం లేకపోవడం, నంబరులో చివరి మూడు అంకెలు, వయసు, జాతి, అన్నీ రాసింది. జాతి ఎందుకు రాశావని ఇరవై మంది ఆమె మీద పడ్డారు. నాకు ఒళ్లు మండింది. అన్ని వివరాల్లో అదీ ఒక వివరంగా ఉన్నప్పుడు దాన్ని దాచడం ఎవరికీ మేలు కాదు. పోలీసులు వెతుకుతున్న వ్యక్తి గురించి నమ్మదగిన, వివరమైన వర్ణన ఉంటే జాతి చెప్పవచ్చని, దొరికాక ఆ ప్రస్తావన తీసేయాలని అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ తన విలేకరులకు చెబుతుంది. ఆమెను విచారించడానికి వచ్చిన పోలీసు కూడా జాతి అడిగాడట, మధ్యలో ఎక్కడో. మొదట అడిగింది ఎత్తు, కారు తలుపుతో పోల్చి చెప్పమన్నాడు. గట్టిగా అడిగింది బూట్ల గురించి. చొక్కా దారిలో విప్పి పారేస్తారు, బూట్లు ఎవరూ మార్చుకోరని చెప్పాడట.

మన కళ్లు మనల్ని మోసం చేస్తాయన్నది కొత్త సంగతేమీ కాదు. సొంత జాతి ముఖాల కన్నా వేరే జాతి ముఖాలను గుర్తుపట్టడంలో మనిషి ఎక్కువ పొరబడతాడని మనస్తత్వ శాస్త్రంలో అర్ధ శతాబ్దంగా చెబుతున్నారు. అమెరికాలో డీఎన్ఏ పరీక్షతో నిర్దోషులని తేలి బయటపడినవారి కేసుల్లో దాదాపు 70 శాతంలో సాక్షులు తప్పుగా గుర్తుపట్టారు. కోర్టులో ప్రమాణం చేసి చెప్పినవాళ్ల పరిస్థితే అది. పిండి చేతులతో ఫోను పట్టుకున్నదాన్ని నేనెంత?

అసలు లోటు మాత్రం యాప్‌లో లేదు, మా తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులో ఉంది. అక్కడ ఏ ఫారమూ లేదు. బంగారం కోసం భారతీయుల ఇళ్లను ఎంచుకుని దోచే ముఠాల గురించి ఇక్కడి పోలీసులు చాలాసార్లు హెచ్చరించారు, కనుక మా భయం ఉత్తుత్తిది కాదు. గుమ్మానికి తోరణం, వాకిట్లో చెప్పుల వరస చూసి దొంగలు మమ్మల్ని పోల్చుకుంటారు. మేము వాళ్లను ఒక్క మాటతో పోల్చుకుంటాం. ఆ మాటలు ఏవో ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అమెరికాలో ఉన్న తెలుగువారికి చెప్పనక్కరలేదు. యాప్ ఫారంలోని గడులను తెలుగులో రాసి నేనే గుంపులో పెట్టాను. నాలుగు దండాల బొమ్మలు వచ్చాయి, ఆ సంగతి అంతటితో మరుగున పడింది.

పోయిన దీపావళికి వారం ముందు ఒకావిడ పెట్టింది: "ఇద్దరు మెక్సికన్లు మా వెనక వీధిలో తిరుగుతున్నారు. బంగారం లాకర్‌లో పెట్టుకోండి." వెంటనే వరసగా "జాగ్రత్త", "జాగ్రత్త" అని మొదలైంది. నేను అడిగాను: "ఏం బట్టలు వేసుకున్నారండీ? కాళ్లకు ఏమున్నాయి?"

చాలాసేపు జవాబు లేదు. కిటికీ దగ్గరికి వెళ్లి చూసినట్లుంది. "మోకాళ్లకు ప్యాడ్లున్నాయి. బూట్లకు పచ్చి గడ్డి అంటుకుని ఉంది."

ఇంకో ఐదు నిమిషాలకు: "పక్కింటివాళ్లు తోటపనికి పిలిపించుకున్నారట."

తరువాత ఆమె తన మొదటి సందేశం తొలగించింది. దాని కింద వచ్చిన పదిహేడు "జాగ్రత్త"లు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.