రేడియేషన్‌కు ముందు సిస్టర్ చెప్పే క్లాసు: నాలుగు స్టార్లు

మా మామగారికి బుగ్గ క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు రేడియేషన్ అన్నారు, శని ఆదివారాలు సెలవు. హైదరాబాద్‌లో మేం వెళ్లిన ఆస్పత్రిలో (పేరు ఎందుకులెండి) మొదలుపెట్టే ముందే ఒక సిస్టర్ కూర్చోబెట్టి అన్నీ చెప్తారు, విడిగా ఫీజేం లేదు.

మాస్క్ వేస్తామని డాక్టర్‌గారు అన్నప్పుడు మామగారు తలూపారు కానీ, ఆ రాత్రి నిద్రపోలేదు. సిస్టర్ మాటలతో సరిపెట్టకుండా పాత మాస్కొకటి తెచ్చి ఆయన చేతికిచ్చారు. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ షీటుని ముఖం మీద పరిచి గట్టిపడేదాకా ఉంచుతారట, తల కదలకుండా రోజూ దాన్నే టేబుల్‌కి బిగిస్తారట. "చూడండి పెద్దాయనా, ఒళ్లంతా కన్నాలే, ఊపిరి ఆడుతుంది. ఇబ్బందైతే చెయ్యెత్తండి, కెమెరాలో చూస్తూనే ఉంటాం, ఆపేస్తాం." ఆయన కన్నాల్లో వేలు పెట్టి చూసుకుని, కాసేపాగి, మనవరాలిని ఎత్తుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా ఎత్తుకోవచ్చు, ఇది బయట నుంచి ఇచ్చేది, మెషీన్ ఆగితే ఒంట్లో ఏమీ మిగలదు అన్నారు. మా ఇంట్లో అందరికీ ఉన్న భయమే అది, అడగడానికే మొహమాటం.

ముందే డెంటిస్టుకి చూపించమన్నారు, పుచ్చిన పళ్లు తర్వాత పీకితే దవడ ఎముక సరిగా మానదట. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించడం, నోరు బాగా తెరిచే వ్యాయామం, మెడ దగ్గర బ్లేడు వాడకపోవడం, అన్నీ చెప్పారు. అన్నీ ఒకే విడతలో చెప్పడమే ఇబ్బంది. ఇచ్చిన కాగితమేమో ఇంగ్లీషులో ఉంది, అది మామగారికి రాదు.

ఇంకో లోపం, నాకు బాగా కోపం తెప్పించింది: అటెండెంట్ ఒక్కరే అని వంట చేసే మా అత్తయ్యని బయటే కూర్చోబెట్టారు. మా ఆయన ఇంటికొచ్చి చెప్పింది సగమే. మూడో వారంలో మెడ నల్లబడితే ఆవిడ కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసేశారు. సిస్టర్ చూసి, ఒక్క మాట కూడా కసరకుండా, ఆవిడని లోపలికి పిలిచి మళ్లీ మొదటి నుంచీ చెప్పారు: మేమిచ్చింది తప్ప ఏదీ రాయొద్దమ్మా, కారం, పులుపు ఆపేయండి, బరువు మాత్రం తగ్గనివ్వొద్దు. అప్పటి నుంచి రాగిజావ, మిక్సీలో వేసిన పెరుగన్నం, మెత్తగా ఉడికించిన గుడ్డు.

మీరు వెళ్తే వంట చేసేవాళ్లని కూడా లోపలికి పంపమని గట్టిగా అడగండి. సెలవు రోజుల్లో ఎవరికి ఫోన్ చేయాలో కూడా అప్పుడే రాసుకోండి, మాకైతే ఎవరూ చెప్పలేదు. ఒక స్టార్ తగ్గించింది అందుకే.