క్యాంపర్ వ్యాన్‌లో స్కాట్లాండ్: టాప్ దిగని పొద్దున

ఇన్వర్నెస్‌లో మొదలై ఉత్తర తీరం చుట్టి మళ్లీ అక్కడికే చేర్చే 516 మైళ్ల దారి నార్త్ కోస్ట్ 500. దానికోసం వ్యాన్ అద్దెకు తీసుకునేవాళ్లు మైలేజీ గురించి, పరుపుల గురించి అడుగుతారు. ముందు అడగాల్సింది టాప్ గురించి, అంటే పైబెడ్ కోసం పైకి లేచే వ్యాన్ కప్పు గురించి. బటన్ నొక్కితే లేచే టాప్ ఉన్న బండికి రోజుకు 145 చొప్పున ఆరు రోజులకు 870 పౌండ్లు మా దగ్గర తీసుకున్న అద్దె సంస్థ, బండి అప్పగించింది ఏడంటే ఏడు నిమిషాల్లో. గ్యాస్ పొయ్యి వెలిగించి చూపించారు. టాప్ మొరాయిస్తే చేత్తో ఎలా దించాలో చెప్పనే లేదు. తిరిగి అప్పగించాక మాత్రం లేచిన టాప్ చుట్టూ గోడలా ఉండే కాన్వాస్ గుడ్డ చిరిగిందని డిపాజిట్‌లో 180 పౌండ్లు కోసేశారు.

ఆపిల్‌క్రాస్ వెళ్లే 626 మీటర్ల ఎత్తైన బ్యాలాఖ్ న బా కనుమ, ఆ తర్వాత అల్లపూల్, ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. డర్నెస్‌లో సముద్రం పక్క గట్టు మీద క్యాంపింగ్ సైటు, కరెంటుతో కలిపి రాత్రికి 34 పౌండ్లు. శుభ్రమైన బాత్రూములు, ధారగా వేడినీళ్లు. ఆ డబ్బుకు పూర్తి న్యాయం.

మర్నాడు పొద్దున టాప్ దించుతుంటే నాలుగు వేళ్ల సందు మిగిల్చి ఆగింది. బీప్ బీప్‌మని ఒకటే మోత. తుంపరలో మామగారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు, పైబెడ్ కోసమే వచ్చిన పిల్లల మొహాలు చిన్నబోయాయి. సంస్థకు ఫోన్ చేస్తే 'బటన్ వదలకుండా నొక్కి పట్టుకోండి' అన్నారు. అంతకంటే చెడ్డ సలహా లేదు. అడ్డం ఉన్న టాప్‌ను బలవంతంగా దించితే దాన్ని ఆయిల్ ఒత్తిడితో నడిపే పంపు మోటారు వేడెక్కుతుంది, అడ్డం పడ్డది నలిగిపోతుంది.

చేయాల్సింది దానికి తలకిందులు. టాప్‌ను మళ్లీ పూర్తిగా లేపాలి. పైబెడ్ చదునుగా పడుకుందా, దాని మీద లావు దుప్పట్లు ఉన్నాయా చూడాలి. తర్వాత నాలుగు పక్కలా టార్చి వేసి వెతకాలి. మా బండిలో కుడివైపు లాకు దగ్గర కాన్వాస్ మడత ఇరుక్కుంది. లాకు కొక్కెం కొరికిన చోట నల్లటి గ్రీజు మరక, దాని మధ్యలో అంగుళం చిరుగు. మడతను లోపలికి తోసి, లాకులో చేరిన ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో దులిపాక టాప్ ఒక్కసారికే కూర్చుంది. మడత బయటికి రావడానికి అసలు కారణం గాలి. తలుపులన్నీ మూసి టాప్ దించితే లోపలి గాలికి దారి లేక కాన్వాస్‌ను బయటికి ఉబ్బిస్తుంది. అందుకే స్లైడింగ్ డోర్ తెరిచి ఉంచి దించాలి, సగంలో ఆపి రెండు పక్కలా మడతలు లోపలికి సర్దాలి.

బటన్ నొక్కితే రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్) టిక్కుమంటుంది గానీ పంపు తిరగదంటే చాలావరకు బ్యాటరీయే. పంపు లాగే కరెంటు ఎక్కువ. 18 పౌండ్ల మల్టీమీటర్ దగ్గర ఉంచుకోండి. నిండా చార్జైన బ్యాటరీ ఏ లోడూ లేనప్పుడు సుమారు 12.7 వోల్టులు, సగం చార్జిలో సుమారు 12.2 చూపిస్తుంది. బటన్ నొక్కి ఉంచినప్పుడు 11 కంటే కిందికి జారితే ముందు చార్జింగ్ చూడండి. చార్జి సరిగ్గానే ఉంటే ఫ్యూజ్, తర్వాత ఎర్త్ వైరు.

పంపు మోత వినిపిస్తూ టాప్ కదలకపోతే లోపం హైడ్రాలిక్స్‌లో, అంటే ఆయిల్ ఒత్తిడి వ్యవస్థలో ఉంది. ఆయిల్ తక్కువ కావచ్చు, టాప్‌ను లేపే జాకీ సీలు కారుతుండొచ్చు, లేదా ఎవరో ఎమర్జెన్సీ వాల్వ్ తెరిచి సరిగ్గా బిగించకుండా వదిలేసి ఉండొచ్చు. ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి. మినరల్ ఆయిల్‌తో నడిచే వ్యవస్థలో బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఆ ఎమర్జెన్సీ వాల్వ్ ఉండేది పంపు దగ్గరే. మాన్యువల్ చూపిన దిక్కుకు నెమ్మదిగా తిప్పితే ఒత్తిడి తగ్గి టాప్ తన బరువుకు దిగుతుంది. ఇద్దరు చెరో పక్క నిలబడి పట్టుకోవాలి. దిగే టాప్ కింద తల గానీ చేయి గానీ పెట్టొద్దు. దిగాక వాల్వ్ బిగించడం మరవొద్దు. లాకు పడకుండా మాత్రం బండి రోడ్డెక్కించకండి, వేగానికి గాలి టాప్‌ను పైకి లాగుతుంది.

ఉత్తర తీరంలో గాలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. టాప్ వెనకవైపు బందుల మీద తిరిగి ముందువైపు లేచే రకమైతే, బండి వెనకభాగం గాలికి ఎదురుగా పెట్టి ఆపాలి. ఈదురుగాలి ఉంటే ఆ రాత్రి టాప్ లేపకుండా కిందే సర్దుకోవడం మేలు.

తడిసిన కాన్వాస్ మడిచి ఉంచితే రెండు మూడు రోజుల్లోనే బూజు వాసన మొదలవుతుంది. వాన ఆగిన మొదటి పూటే లేపి ఆరబెట్టండి. సముద్రపు ఉప్పును మంచినీళ్లతో కడగాలి, ప్రెషర్ వాషర్ బీడింగ్ (టాప్ అంచు రబ్బరు) మీదికి తిప్పొద్దు. బీడింగ్‌కు సిలికాన్ రాయండి, వాజలైన్ వద్దు. అల్యూమినియం టాప్ అంచుల్లో పెయింట్ కింద చిన్న బుడగలు కనబడితే తుప్పు మొదలైందన్నమాట. అద్దెబండి అయితే వాటిని అప్పుడే ఫొటో తీయండి.

ఇంత తలనొప్పి వద్దనుకునేవాళ్లకు చేత్తో నెట్టే టాపే నా సలహా. ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా టీ6లో ఓషన్ మోడల్‌ది బటన్ టాప్, బీచ్ మోడల్‌ది చేత్తో లేపేది. నలుగురు పెద్దవాళ్లున్న కుటుంబానికి రెండోదే నయం, పాడవడానికి పంపూ లేదు, వాల్వూ లేదు. బటన్ టాపే కావాలంటే సంతకం పెట్టకముందే రెండుసార్లు లేపించి దించించండి, ఎమర్జెన్సీ వాల్వ్ చూపించమని పట్టుబట్టండి, కాన్వాస్ నాలుగు మూలలూ దగ్గరగా వీడియో తీయండి. ఆ వీడియో మా దగ్గర ఉండుంటే ఆ 180 పౌండ్ల గురించి మాట్లాడడానికి మాకు ఆధారం ఉండేది.