స్ప్రే డబ్బాలతో కారు రంగు మరమ్మతు: ఐదు వేసవులు గడిచాక

మా కారు 2013 నాటి వెండి రంగు స్విఫ్ట్. హనుమకొండలో మా ఇంటి గేటు ఇరుకు కావడం వల్ల 2021 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, కారు వెనక్కి తీస్తుండగా గేటు గొళ్ళెం తగిలి ఎడమవైపు వెనుక తలుపు మీద మొదలైన గీత పెట్రోలు మూత కింద దాకా, రెండు జానల పొడవున సాగింది. వర్క్‌షాపులో రెండు ప్యానెళ్ళకు కలిపి తొమ్మిది వేలు అవుతుందన్నారు. బీమా క్లెయిము చేద్దామంటే, ఐదేళ్ళు ఏ క్లెయిమూ లేకుండా నెట్టుకొచ్చి సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (బీమా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆ ఒక్క గీతతో సున్నాకు పడిపోతుంది. ఆ లెక్క చూసుకున్నాకే స్ప్రే డబ్బాల జోలికి వెళ్ళాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఇదే కారు మీద నాలుగు చోట్ల ఈ పని చేశాను. వెనుక తలుపు, ముందు బంపర్ ఈనాటికీ చెక్కుచెదరలేదు. ముందు ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) అంచు సగం నిలిచింది, సగం పోయింది. బానెట్ మాత్రం పూర్తిగా చెడి, చివరికి పెయింటర్ చేతిలో పెట్టవలసి వచ్చింది.

ఈ పనికి దిగేవారు ముందుగా భయపడేది రంగు కలుస్తుందో లేదోనని. నా అనుభవంలో అది చిన్న సమస్య. బానెట్ ఎత్తితే లోపల కనిపించే ప్లేటు మీద కలర్ కోడ్ ఉంటుంది. నా కారుది జెడ్2ఎస్, అంటే సిల్కీ సిల్వర్. ఆ కోడ్ చెప్పి కలిపించి తెప్పించుకున్న డబ్బా రంగు మొదట కారు రంగు కంటే ఒక పాలు తెల్లగా కనిపించి గుండె జారింది. అయితే మెటాలిక్ రంగుల్లో అల్యూమినియం రేకుల పొడి ఉంటుంది కాబట్టి, రంగు తడిగా పడితే ఆ రేకులు లోపలికి దిగి ఛాయ ముదురుతుందనీ, దూరం నుంచి పొడిపొడిగా పడితే పైనే నిలిచి తేలుతుందనీ తర్వాత తెలిసింది. ఇంట్లో పడి ఉన్న పాత పెళ్ళిపత్రికల అట్టల మీద వేర్వేరు దూరాల నుంచి కొట్టి, ఆరాక సగానికి క్లియర్ (రంగు పైన మెరుపు కోసం, రక్షణ కోసం వేసే పారదర్శకమైన పూత) కూడా వేసి, ఉదయం నీడలో కారు పక్కన పెట్టి ఎదురుగానూ వాలుగానూ చూశాను. మూడో పత్రిక కలిసింది. ఎండకు వెలిసిన పాత కారు పక్కన కొత్త రంగు నూటికి నూరుపాళ్ళు కలవాలని పట్టుబడితే నిరాశే మిగులుతుంది; నాలుగడుగుల దూరం నుంచి తెలియకపోతే చాలుననుకున్నాను.

అసలు పని గీకుడులో ఉంది. కంపెనీ వేసిన పొరలన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లకు మించవు, అంటే సుమారు రెండు తలవెంట్రుకల మందం. అందులో పైన ఉండే క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు ఉంటుంది. గీత మీద నీళ్ళు చల్లగానే అది మాయమైతే క్లియర్ మాత్రమే గీసుకుపోయిందని అర్థం. అటువంటి దానికి డబ్బా అక్కరలేదు, రబ్బింగ్ కాంపౌండుతో రుద్దితే సరిపోతుంది. గోరు అడ్డంగా జరిపినప్పుడు టక్కున తగిలితే లోపలి పొరలు తెగినట్టు. నా గీతలో తలుపు మధ్యన ఒకచోట ఇనుము మెరుస్తూ కనిపించింది. అక్కడ 320 నంబరు వాటర్ పేపరుతో (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) మొదలుపెట్టి, 600, ఆపైన 1000 నంబరుతో నీళ్ళు పోస్తూ అంచులను వెలుపలికి పలచబరుస్తూ పోయాను. కళ్ళతో చూస్తే నున్నగా ఉన్నట్టే ఉంటుంది గాని, కళ్ళు మూసుకుని వేలికొనలతో తడిమితే పాత పొర ఆగిన చోట సన్నని మెట్టు తగులుతుంది. ఆ మెట్టు పోయేదాకా రుద్దాలి. ఓపిక చాలక దాన్ని వదిలేస్తే, పైన ఎన్ని పూతలు వేసినా మెరుపు వచ్చిన తర్వాత అదే మెట్టు దీవి గట్టులా పైకి తేలుతుంది. తలుపు ఒక్కదానికే నాకు రెండు పూటలు పట్టింది. రంగు కొట్టడానికి పట్టింది నలభై నిమిషాలే.

లోతుగా ఉన్నచోట పలచగా లప్పం పెట్టి రుద్ది, దాని మీద ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే అడుగు పూత) కొట్టాను. ప్రైమర్ ఆరాక నల్ల రంగు డబ్బాతో పైపైన చిలకరించి మళ్ళీ 600 కాగితంతో రుద్దడం ఒక పెయింటర్ దగ్గర చూసి నేర్చుకున్న చిట్కా. పల్లం ఉన్నచోట నలుపు మిగిలిపోతుంది కాబట్టి, ఎక్కడ ఇంకా పని ఉందో అదే చూపిస్తుంది.

ఇక కొట్టే తీరు. లోపలి గోళీ చప్పుడు మొదలైన తర్వాత కూడా రెండు నిమిషాలు డబ్బాను ఊపాలి. చేయి ప్యానెల్‌కు బయట కదలడం మొదలై, అవతలి అంచు దాటాకే ఆగాలి. దూరం జానెడు, కొంచెం అటూ ఇటూగా 20 నుంచి 25 సెంటీమీటర్లు. పూతకూ పూతకూ మధ్య పది, పదిహేను నిమిషాలు ఆగాలి. మొదటి పూత చూస్తే ఏమీ కప్పలేదనిపిస్తుంది. ఆ తొందరలోనే రెండో పూత దట్టంగా పడి కారిపోతుంది. ఏకబిగిన కొడుతూ పోతే డబ్బా చల్లబడి, లోపలి ఒత్తిడి తగ్గి, సన్నని తుంపర కాస్తా చుక్కలుగా పడడం మొదలవుతుంది. శీతాకాలంలో నేను డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి తీసేవాడిని. వేడినీళ్ళు మాత్రం వద్దు, 50 డిగ్రీలు దాటకూడదని డబ్బా మీదే ముద్రించి ఉంటుంది.

వరంగల్ వాతావరణం ఈ పనికి ఏడాదిలో ఎక్కువ భాగం పనికిరాదు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. 2021 జులైలో ముందు ఫెండర్ కింది అంచున ఆవగింజలంత తుప్పు పొక్కులు లేచాయి. వర్షాకాలం పూర్తయ్యేదాకా ఆగితే తుప్పు పాకుతుందని, వాన వెలిసిన ఒక సాయంత్రం కూర్చుని గీకి, తుప్పును అణిచే ద్రావకం రాసి, ప్రైమరూ రంగూ వేసి, క్లియర్ కొట్టాను. పది నిమిషాల్లో, నా కళ్ళ ముందే, అద్దంలా ఉన్న క్లియర్ మీద చల్లకుండలోంచి ఒలికినట్టు తెల్లని మబ్బు కమ్మింది. క్లియర్‌లోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లదనానికి చెమ్మగా మారి పూతలో చిక్కుకుంటుంది. మర్నాడు ఎండ వచ్చాక పైన పలచగా మరో పూత వేస్తే చాలావరకు తెల్లదనం పోయింది గాని, అంచు మడత లోపల అలాగే ఉండిపోయింది. సరిగ్గా అక్కడే రెండేళ్ళ తర్వాత మళ్ళీ తుప్పు పొక్కింది.

మే నెల దీనికి పూర్తిగా విరుద్ధం. 42, 43 డిగ్రీల ఎండలో తుంపర రేకును చేరకముందే గాలిలో ఎండిపోయి, ఇసుక చల్లినట్టు గరుకుగా అంటుకుంటుంది. అలా ఎండిన పొడి గాలికి కొట్టుకుపోయి మా తులసికోట ఒక పక్కంతా వెండి మలామా చేసినట్టు తయారైంది. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ బంధువులందరికీ చూపించి మరీ చెబుతుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో, రేకు మీది మంచు చెమ్మ పూర్తిగా ఆరిపోయిన తర్వాత ఉదయం పదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించడం నాకు కుదిరిన పద్ధతి. క్లియర్ మీద రాత్రి మంచు పడకుండా సాయంత్రానికి కారు కప్పు కిందికి చేరాలి.

ఇన్నేళ్ళ వాడకంలో నాకు తేలినదేమంటే, మరమ్మతు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది రంగు మీద కన్నా క్లియర్ మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. దుకాణాల్లో తేలికగా దొరికేది వన్‌కే క్లియర్, అంటే హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలపని రకం. అది ద్రావకం ఆవిరైపోవడం వల్ల గట్టిపడుతుంది, అంతే. మళ్ళీ ద్రావకం తగిలితే మెత్తబడుతుంది. మొదటిసారి తలుపుకూ పక్కనున్న క్వార్టర్ ప్యానెల్‌కూ (వెనుక చక్రం పైన, పెట్రోలు మూత ఉండే రేకు) నేను వేసింది అదే. తలుపు మీద, రుద్ది పాలిష్ పట్టిన తర్వాత, ఐదేళ్ళుగా బాగానే ఉంది. పెట్రోలు మూత కింద మాత్రం ఏడాది తిరగకుండానే దెబ్బతింది. బంకులో గన్ తీస్తున్నప్పుడు నాలుగు చుక్కలు ఒలికితే, అక్కడి అబ్బాయి గుడ్డతో తుడిచాడు. ఆ గుడ్డ పోయిన దారంతా మెరుపు పోయి, జిగటగా వేలిముద్రలు పడే చార మిగిలింది. ఆ కుర్రవాడి తప్పు అణుమాత్రం లేదు, కంపెనీ క్లియర్ అయితే ఆ చుక్కలకు ఏమీ అయ్యేది కాదు. కంపెనీలో ఆ పూతను సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు, మన పెరట్లో ఆ సౌకర్యం ఎక్కడిది?

టూకే క్లియర్ సంగతి వేరు. డబ్బా అడుగున ఉండే పిన్ను నొక్కితే లోపలి చిన్న గొట్టం పగిలి హార్డెనర్ కలుస్తుంది. అక్కడినుంచి అది రసాయనికంగా గట్టిపడుతుంది గనుక ఒకటి రెండు రోజుల్లో డబ్బా లోపల మిగిలింది కూడా రాయైపోతుంది. అందుకే అది ఖరీదూ ఎక్కువ, వృథా కూడా ఎక్కువ. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర నుంచి తిరిగి వస్తూ, తాడ్వాయి దగ్గర వాహనాల బారులో ఎవరిదో ట్రాలీ కొక్కెం మా ముందు బంపర్ కుడి మూలను గీరింది. బంపర్ ప్లాస్టిక్ కావడం వల్ల ముందు ప్లాస్టిక్ ప్రైమర్ వేయాలి, లేకపోతే రంగు పొట్టులా ఊడివస్తుంది. దాని మీద రంగు, ఆపైన మొదటిసారిగా టూకే వేశాను. నెలలు గడిచినా మెరుపు తగ్గలేదు, పెట్రోలు గుడ్డతో కావాలనే ఒక మూల రుద్ది చూశాను, ఏమీ కాలేదు. ఆ నమ్మకంతోనే 2025 జనవరిలో పెట్రోలు మూత కింది పాత పూతనంతా గీకేసి మళ్ళీ టూకేతో పూర్తి చేశాను.

అయితే టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం వంటి జబ్బు అంటుకోవచ్చు. కరోనా కాలంలో మిగిలిన ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. బొగ్గు క్యాట్రిడ్జి ఉన్న మాస్కు, చేతులకు తొడుగులు, కళ్ళద్దాలు కావాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే, లేదా ఇరుగుపొరుగు కిటికీలు గోడకు ఆనుకుని ఉంటే, ఈ డబ్బా కొనవద్దనే నా సలహా. వన్‌కే కొడుతున్నప్పుడు కూడా దగ్గరలో పొయ్యి వెలగకూడదు, ఎందుకంటే డబ్బాలో రంగును తోసే వాయువుకే నిప్పు అంటుకునే గుణం ఉంటుంది.

బానెట్ కథ చెప్పకుండా ఊరుకుంటే ఇది నిజాయితీ అనిపించుకోదు. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీల వెనక నడిపి నడిపి బానెట్ ముందు భాగమంతా రాళ్ళు తగిలిన చుక్కలతో నిండిపోయింది. తలుపు బాగా కుదిరిన ధీమాతో 2022 డిసెంబరులో ముందు సగం మొత్తానికి రంగు కొట్టి వన్‌కే క్లియర్ వేశాను. అంత వెడల్పైన, ఆకాశానికి ఎదురుగా పడుకుని ఉండే రేకు మీద డబ్బా తుంపర సమానంగా పడదు. ఆరాక చూస్తే అడ్డంగా పులిచారలు. రెండు మూడు చోట్ల చేప కళ్ళలాంటి గుంటలు కూడా పడ్డాయి, వెనకటి నెలలో టైర్లకూ డాష్‌బోర్డుకూ పూసిన సిలికాన్ పాలిష్ తుంపర బానెట్ మీద మిగిలి ఉండడమే దానికి కారణమనుకుంటాను. పైగా కొత్త క్లియర్ పాత క్లియర్ మీద ఆగిన గీత బానెట్ మధ్యలోనే ఉండిపోయింది. తలుపు విషయంలో ఆ అంచును ప్యానెల్ చివరి దాకా తీసుకుపోయి దాచగలిగాను, ఇక్కడ అంత దూరం వెళ్ళడానికి డబ్బాలో సరుకు చాలలేదు. 2024 వేసవికి ఆ గీత దగ్గరే ఎండకు పొక్కి, ఉల్లిపొరల్లా లేవడం మొదలైంది.

ఆటోనగర్‌లో పెయింటర్ గోటితో ఒక పొర లేపి చూసి, "సారూ, ఇది డబ్బ రంగు గదా. దీని మీద కొడ్తె ముడుతలు వడ్తది, మొత్తం గీకాలె" అన్నాడు. వన్‌కే మీద టూకే పడితే దానిలోని ఘాటైన ద్రావకాలు కింది పూతను ఉడికించి లేపేస్తాయి కాబట్టి అతని మాట సబబే. గీకినందుకు పదిహేను వందలు అదనంగా తీసుకున్నాడు. ముందే అతని దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ డబ్బూ, నా మూడు ఆదివారాలూ మిగిలేవి.

ఖర్చు చెప్పాలంటే, తలుపు, క్వార్టర్ ప్యానెల్ మొదటి మరమ్మతుకు రంగు, ప్రైమర్, వన్‌కే క్లియర్, కాగితాలు, టేపు కలిపి పదహారు వందలు దాటలేదు. టూకే డబ్బా ఒక్కటే పద్నాలుగు వందలైంది, మాస్కు మరో రెండు వేలు. అంటే ఒక్క బంపర్ మూల కోసమే అయితే పెయింటర్ దగ్గరికి వెళ్ళడమూ ఇంట్లో చేసుకోవడమూ సమానమే అవుతాయి. తలుపు కింది భాగం, బంపర్ మూలలు, ఫెండర్ అంచులు, అంటే మడతలూ చివరలూ దగ్గరగా ఉండి కొత్త పూత అంచును దాచుకునే వీలున్న చోట్ల మాత్రమే నేను మళ్ళీ డబ్బా పట్టుకుంటాను. బానెట్, పైకప్పు, డిక్కీ మూత జోలికి పోను.

ఫెండర్ అంచులో మళ్ళీ పొక్కిన తుప్పును ఈ వర్షాకాలం ముట్టుకోలేదు. మడత లోపలికి ప్రస్తుతానికి గ్రీజు పూసి ఉంచాను. పని కాగానే తలకిందులు చేసి, గాలి మాత్రమే వచ్చేదాకా నాజిల్ శుభ్రం చేసి పెట్టుకున్న రంగు డబ్బాలో సగం ఇంకా ఉంది. ఎండలో నిలిచే కారు డిక్కీలో కాక, ఇంట్లో అటక మీద నీడపట్టున భద్రపరిచాను. కొత్త టూకే డబ్బా కూడా వచ్చింది, పిన్ను ఇంకా నొక్కలేదు. డిసెంబరులో చెమ్మ లేని ఒక ఆదివారం దొరకాలి.