సిస్టమాటిక్ రివ్యూనా, నేరేటివ్ రివ్యూనా: ఏది మేలు?

పరిశోధనలో కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక అంశం మీద అప్పటికే వచ్చిన పత్రాలను కలిపి చదివి రాసేది రివ్యూ, అంటే సమీక్ష. నిర్ణీత పద్ధతిలో అన్నీ వెతికి వడగట్టి రాస్తే సిస్టమాటిక్, తనకు తెలిసిన, ముఖ్యమనిపించిన పత్రాలతో కథనంలా రాస్తే నేరేటివ్. దంతవైద్యం వాళ్లు, సైకాలజీ వాళ్లు, ఉన్నత విద్య మీద పనిచేసేవాళ్లు, మతచరిత్ర చదివేవాళ్లు, అందరూ అడుగుతారు. "గైడ్ సిస్టమాటిక్ రివ్యూ చేయమంటున్నారు, సీనియర్లేమో నేరేటివ్ అయితే త్వరగా అయిపోతుందంటున్నారు. ఏం చేయమంటారు?" ఈ మధ్య నేనే ఒక కొత్త సమీక్ష మొదలుపెడుతూ ఈ ప్రశ్న దగ్గర వారం రోజులు ఆగిపోయాను. అందుకే నా జవాబు ఒకచోట రాసి పెడుతున్నాను.

టైం ఎంత పడుతుంది, ఏ జర్నల్ తీసుకుంటుంది, ఎన్ని పేజీలు వస్తాయి అన్న లెక్కలు చాలామంది ముందు వేసుకుంటారు. అవీ అవసరమే. కానీ నా దృష్టిలో అసలు తేల్చుకోవలసింది వేరే ఉంది. ఏ పత్రాన్ని తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్న నియమం మీరు ఎప్పుడు రాసుకున్నారు? చదవకముందా, చదివాకా?

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. కాలేజీ విద్యార్థుల్లో పళ్ల డాక్టరంటే ఉండే భయం మీద చాలా ఏళ్ల కిందట ఒక నేరేటివ్ రివ్యూ రాశాను. నాకు తెలిసిన పత్రాలతో మొదలుపెట్టి, వాటి చివర ఉన్న పత్రాల జాబితా పట్టుకుని ముందుకు వెళ్లాను. వాదన చక్కగా కుదిరింది. తర్వాత ఒకరోజు అదే ప్రశ్నతో డేటాబేస్‌లో పద్ధతిగా వెతికి చూశాను. నేను వదిలేసిన పత్రాల్లో ఎక్కువ భాగం "పెద్దగా తేడా కనిపించలేదు" అని చెప్పినవే. నేను కావాలని వదల్లేదు. ఫలితం లేని పత్రాలను మిగతావాళ్లు తక్కువగా ప్రస్తావిస్తారు కాబట్టి ఆ దారిలో అవి నాకు ఎదురుపడనే లేదు. నియమం ముందే రాసి పెట్టుకుని ఉంటే వాటిని చూడక తప్పేది కాదు.

దంతవైద్యంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్లోరైడ్ టూత్‌పేస్టు పిల్లల పళ్లు పుచ్చకుండా ఎంతవరకు ఆపుతుంది? 2003లో వచ్చిన కాక్రేన్ (వైద్య ఆధారాలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 70 ట్రయల్స్ (మనుషుల మీద చేసే పరీక్షలు) ఫలితాలను కలిపి, పుచ్చు సుమారు 24 శాతం తగ్గుతుందని తేల్చింది. ఒక ప్రశ్న, ఒక కొలత, పోల్చదగిన ట్రయల్స్ ఉన్నప్పుడు సిస్టమాటిక్ రివ్యూకి సాటి లేదు. అయితే ఈ పద్ధతి మీద నాకున్న గౌరవం ఆ 24 శాతం వల్ల వచ్చింది కాదు. 2011లో ఫ్లాసింగ్ (పళ్ల సందులను దారంతో శుభ్రం చేయడం) మీద వచ్చిన కాక్రేన్ సమీక్ష వల్ల వచ్చింది. అందులోకి వచ్చినవి 12 ట్రయల్స్. బ్రష్‌తో పాటు ఫ్లాస్ కూడా చేస్తే చిగుళ్ల వాపు కొంత తగ్గుతుందని ఆధారం ఉంది కానీ, పళ్ల మీద పాచి తగ్గుతుందనడానికి ఉన్న ఆధారం బలహీనం, నమ్మదగింది కాదు అని రాశారు. దశాబ్దాలుగా అందరూ సలహాగా చెబుతున్న విషయం గురించి అలా తేల్చి రాయడం సులభం కాదు. నేరేటివ్ రివ్యూ రాసే నిపుణుడు ఆ చోట తన అనుభవంతో ఖాళీ పూడ్చేస్తాడు, పాఠకుడికి ఆ ఖాళీ కనబడదు.

సైకాలజీ కథ ఇంత తిన్నగా సాగలేదు. 1952లో సైకాలజిస్టు హాన్స్ ఐసెంక్ అప్పటికి దొరికిన నివేదికలను చూసి, సైకోథెరపీ (మాటలతో చేసే మానసిక చికిత్స) వల్ల మేలు జరుగుతోందని వాటితో రుజువు కావడం లేదన్నారు. ఏళ్ల తరబడి రెండు పక్షాలూ తమకు నచ్చిన అధ్యయనాలను చూపించుకుంటూ వాదించుకున్నాయి. 1976లో జీన్ గ్లాస్ 'మెటా అనాలిసిస్' అన్న మాట వాడారు, అంటే వేర్వేరు అధ్యయనాల అంకెలను కలిపి ఒకే లెక్క తేల్చడం. మరుసటి ఏడాది ఆయన, మేరీ లీ స్మిత్ కలిసి 375 అధ్యయనాలను లెక్కగట్టారు. చికిత్స తీసుకున్న సగటు మనిషి, తీసుకోనివాళ్లలో 75 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నాడని తేల్చారు. ఐసెంక్ ఒప్పుకోలేదు, నాసిరకం అధ్యయనాలను కూడా కలిపేశారన్నారు. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

ఎందుకంటే ఎన్ని కలిపినా, కలిపినవి ప్రచురణకు నోచుకున్న పత్రాలు మాత్రమే. ఫలితం రాని ప్రయోగాలు పరిశోధకుల సొరుగుల్లో ఉండిపోతాయి. రాబర్ట్ రోసెంథాల్ 1979లో దీనికి 'ఫైల్ డ్రాయర్ సమస్య' అని పేరు పెట్టారు. మనోనిగ్రహం వాడేకొద్దీ అరిగిపోతుందన్న సిద్ధాంతమే చూడండి. 2010లో 198 పరీక్షల ఫలితాలను కలిపిన మెటా అనాలిసిస్ ఆ ప్రభావం గట్టిగానే ఉందని చెప్పింది. 2016లో 23 ల్యాబ్‌లు పద్ధతిని ముందే ప్రకటించి, రెండు వేలకు పైగా మందితో అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ప్రభావం సున్నా దగ్గరకు వచ్చింది. సిస్టమాటిక్ రివ్యూ ఎంపికలోని పక్షపాతాన్ని ఆపగలదు, అంతకుముందే ప్రచురణలో జరిగిపోయిన పక్షపాతాన్ని పూర్తిగా ఆపలేదు. అయినా నా మొగ్గు మారలేదు. ఏయే పత్రాలు కలిపారో, ఎలా కలిపారో అంతా బయట ఉంది కాబట్టే ఇతరులు అందులో లోపం పట్టుకోగలిగారు. నేరేటివ్ రివ్యూలో అదే తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెతకడానికి దారే ఉండదు.

ఉన్నత విద్య వాళ్లకు సగం సగం. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజినీరింగ్, గణితం డిగ్రీ తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపింది. లెక్చర్ మాత్రమే విన్న తరగతుల్లో సగటున 33.8 శాతం మంది ఫెయిలైతే, విద్యార్థులతో ఏదో ఒక పని చేయించిన తరగతుల్లో 21.8 శాతం మంది ఫెయిలయ్యారు. విలువైన ఫలితమే. కానీ ఆ 'పని చేయించడం' కింద గ్రూపులో లెక్కలు చేయడం నుంచి చిన్న రిమోట్ లాంటి క్లిక్కర్‌తో జవాబు నొక్కడం దాకా చాలా రకాలు ఉన్నాయి. పాఠం చెప్పేవాళ్లకు కావలసింది వాటిలో ఏది, ఎప్పుడు, ఎందుకు పనిచేస్తుందన్నది. అది సగటు సంఖ్యలో దొరకదు. ఈ రంగంలో ఎంపిక సిస్టమాటిక్‌గా చేసి, వివరణ నేరేటివ్‌గా రాయమంటాను. అది రెండు పడవల మీద కాలు పెట్టడమేమీ కాదు, నియమం ముందే ఉంది కదా.

ఇక మతచరిత్ర. ఇక్కడ నేను నేరేటివ్ వైపే ఉంటాను. కారణం చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. బుద్ధుడు ఎప్పుడు నిర్యాణం చెందాడు? శ్రీలంక వంశకథల ప్రకారం అశోకుడి పట్టాభిషేకం దానికి 218 ఏళ్ల తర్వాత జరిగింది. ఉత్తరాది సంప్రదాయం అశోకుణ్ణి నిర్యాణం తర్వాత 100 ఏళ్లకు పెడుతుంది. మొదటిది నమ్మితే నిర్యాణం క్రీ.పూ. ఐదో శతాబ్దం తొలినాళ్లలో, రెండోది నమ్మితే నాలుగో శతాబ్దంలో పడుతుంది. 1988లో బౌద్ధ పండితుడు హైన్జ్ బెషెర్ట్ ప్రత్యేకించి ఈ ప్రశ్న మీదే జర్మనీలో పండితులను సమావేశపరిచారు. ఈ ప్రశ్నకు గ్రంథాలు లెక్కపెట్టి జవాబు చెప్పలేం. 218 అని చెప్పే గ్రంథాలు యాభై దొరికినా, అవన్నీ ఒకే మూలం నుంచి తీసుకుని ఉంటే సాక్ష్యం ఒక్కటే అవుతుంది. బైబిల్ కొత్త నిబంధన గ్రీకు వ్రాతప్రతులు పరిశీలించేవాళ్లు కూడా ప్రతులను లెక్కపెట్టకూడదు, తూచాలి అంటారు. వేలల్లో ఉన్న తర్వాతి కాలపు ప్రతుల కంటే నాలుగో శతాబ్దపు ప్రతులైన కోడెక్స్ వాటికానస్, కోడెక్స్ సైనైటికస్ చాలాచోట్ల ఎక్కువ బరువు తూగుతాయి.

ఈ తూచడం వైద్యం వాళ్లకూ కావాలి. వాంతులను ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ మందు మీద వచ్చిన ట్రయల్స్‌ను 1997లో ఒక బృందం పరిశీలిస్తే, ఒకే రోగుల సమాచారం వేర్వేరు పత్రాల్లో మళ్లీ మళ్లీ అచ్చయిందని బయటపడింది. ఆ నకళ్లను కూడా లెక్కలో కలిపితే మందు ప్రభావం 23 శాతం ఎక్కువగా కనిపించింది. వంశకథల దగ్గర చరిత్రకారుడు వేసే ప్రశ్న ఇక్కడా వేయాలి: ఇవి ఇద్దరు సాక్షులా, ఒకే సాక్షి రెండుసార్లు చెప్పిందా?

స్కోపింగ్ రివ్యూ సంగతి కూడా అడుగుతుంటారు. ఒక అంశం మీద ఏమేం పని జరిగిందో తెలుసుకోవడానికి బాగుంటుంది, ఏది పనిచేస్తుందో తేల్చదు. అంబ్రెల్లా రివ్యూ అంటే సమీక్షల మీద సమీక్ష, మొదటి పనిగా ఎవరికీ చెప్పను.

సిస్టమాటిక్ అనుకున్నాక వచ్చే టెన్షన్ రెండు రకాలు. ఒకటి సమయం. సమీక్షల ప్రణాళికలను ముందే నమోదు చేసే ప్రోస్పెరో అనే ఆన్‌లైన్ రిజిస్టర్‌లో నమోదైన సమీక్షలను పరిశీలించిన ఒక అధ్యయనంలో సగటున 67 వారాలు పట్టింది. రెండోది మనుషులు. పత్రాలను ఇద్దరు విడివిడిగా వడగట్టాలి, కాబట్టి ఒక్కరే చేసి సిస్టమాటిక్ అని పేరు పెట్టడం సరికాదు. చేతిలో నాలుగు నెలలే ఉండి, తోడు ఎవరూ లేకపోతే నేరేటివే రాయండి. కాకపోతే ఎక్కడ వెతికారో, ఏ పదాలతో వెతికారో, ఏ రకం పత్రాలు వదిలేశారో, ఎందుకు వదిలేశారో ఒక పేరా రాయండి. మతచరిత్ర వాళ్లూ ఆ పేరా రాయాలని నా కోరిక. ఏ భాషల్లోని మూలాలు చదవగలిగారో, వేటిని అనువాదంలో చూశారో అందులోనే చెప్పేయవచ్చు.

ఇక నా సంగతి. పళ్ల డాక్టరంటే భయం మీదే మళ్లీ పని మొదలుపెట్టాను, ఈసారి సిస్టమాటిక్‌గా. ప్రోటోకాల్, అంటే సమీక్ష ఎలా చేస్తానన్న ముందస్తు ప్రణాళిక, నమోదు చేశాను. వడగట్టడానికి తోడున్న సహోద్యోగి, నేను ముందు ఇరవై పత్రాలను విడివిడిగా చూశాం. నాలుగింటి దగ్గర మా నిర్ణయాలు వేరయ్యాయి. ఆ నాలుగింటిలో మూడు, నేను అప్పట్లో నా సమీక్షలో వాడుకున్నవే.