విదేశం నుంచి అమెరికా ఓటు: ఎఫ్‌వీఏపీ సేవతో రెండు ఎన్నికల అనుభవం

అమెరికా పౌరసత్వం తీసుకున్న కొన్నేళ్లకు తల్లిదండ్రుల కోసం హైదరాబాద్‌కు తిరిగి వచ్చిన నేను, 2020లోనూ 2024లోనూ అక్కడి అధ్యక్ష ఎన్నికల్లో ఇక్కడి నుంచే ఓటు వేశాను. రెండుసార్లూ నాకు ఆధారమైనది ఫెడరల్ ఓటింగ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ (ఎఫ్‌వీఏపీ) అనే అమెరికా ప్రభుత్వ ఉచిత సేవ. దీనిని రక్షణ శాఖ నడుపుతుంది కనుక సైనికులకే పరిమితమని చాలామంది భావిస్తారు. కానీ 1986 నాటి చట్టం విదేశాల్లో నివసించే సాధారణ పౌరులకూ ఫెడరల్ (దేశస్థాయి) ఎన్నికల్లో ఓటు హక్కును కాపాడుతోంది.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్. ఓటరుగా నమోదుకూ, బ్యాలెట్ కోరడానికీ ఈ ఒక్క ఫారమే చాలు. వెబ్‌సైట్ అడిగే ప్రశ్నలకు జవాబులిస్తే ఫారం సిద్ధమవుతుంది. దానిపై సంతకం చేసి మన స్థానిక ఎన్నికల కార్యాలయానికి పంపుకోవాలి. చిరునామా దగ్గర నేను చాలాసేపు సందేహించాను, ఎందుకంటే అక్కడి ఇల్లు ఎప్పుడో అమ్మేశాము. దేశం విడిచే ముందు చివరగా నివసించిన చిరునామానే రాయాలని, అక్కడ ఇప్పుడు మనకు ఆస్తి లేకపోయినా ఫరవాలేదని సూచనల్లో స్పష్టంగా ఉంది. తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందా, నిశ్చయం లేదా అన్న ప్రశ్నకు మాత్రం ఆలోచించి జవాబివ్వాలి, ఎందుకంటే దానిని బట్టి కొన్ని రాష్ట్రాలు ఫెడరల్ పదవుల బ్యాలెట్ మాత్రమే ఇస్తాయి. ఆ పదవులకు మాత్రమే వేసే ఓటు పన్నుల కోసం చేసే నివాస నిర్ణయాన్ని ప్రభావితం చేయదు. రాష్ట్ర, స్థానిక పదవులకు కూడా వేయదలచినవారు ముందుగా విచారించుకోవడం మంచిది.

2020లో బ్యాలెట్‌ను పోస్టులో పంపమని కోరి పొరపాటు చేశాను. అక్టోబరు మొదటి వారం గడిచినా కవరు రాలేదు, కార్యాలయం నుంచి జవాబూ లేదు. అప్పుడు ఫెడరల్ రైట్-ఇన్ ఆబ్సెంటీ బ్యాలెట్ నన్ను ఆదుకుంది. వెబ్‌సైట్ నుంచి ముద్రించుకుని, అభ్యర్థుల పేర్లు స్వయంగా రాసి పంపే ప్రత్యామ్నాయ పత్రం ఇది. ఆ తరువాత అసలు బ్యాలెట్ వస్తే దానినీ నింపి పంపవచ్చు, అధికారులు ఒక్కదానినే లెక్కిస్తారు. నాకు అసలు బ్యాలెట్ కూడా చివరికి వచ్చింది కానీ, అప్పటికి పంపే వ్యవధి మిగలలేదు.

2024లో బ్యాలెట్‌ను ఈమెయిల్‌లో పంపమని కోరాను. సకాలంలో దరఖాస్తు చేసినవారికి ఫెడరల్ ఎన్నికకు 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలని 2009 నాటి చట్టం చెబుతోంది. ఆ లెక్కన సెప్టెంబరు 21 నాటికి రావలసిన బ్యాలెట్ నాకు ఆ వారంలోనే అందింది. ముద్రించి, గుర్తులు పెట్టి, ప్రమాణ పత్రంపై పాస్‌పోర్ట్‌లో ఉన్నట్లే సంతకం చేసి, ముందే తపాలా చెల్లించినట్లు ముద్ర ఉండే కవరులో పెట్టి కాన్సులేట్‌లో అందజేశాను. దౌత్య సంచిలో వెళ్లే ఈ కవరుకు నాలుగు వారాలు కూడా పట్టవచ్చు కనుక, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. అక్టోబరులో రాష్ట్ర వెబ్‌సైట్‌లో నా బ్యాలెట్ స్వీకరించినట్లు చూసి తేలికపడ్డాను.

నా అసంతృప్తి ఈ సేవపై కాదు, రాష్ట్రాల నిబంధనలపై. కొన్ని రాష్ట్రాలు నింపిన బ్యాలెట్‌ను ఈమెయిల్‌లోనో, ఫ్యాక్స్‌లోనో, వెబ్‌సైట్ ద్వారానో తీసుకుంటాయి, నా రాష్ట్రం కాగితమే కావాలంటుంది. ఒకే దేశాధ్యక్షుడిని ఎన్నుకునే పౌరుల మధ్య ఇంత తేడా నాకు న్యాయంగా తోచదు. అయినా, విదేశాల్లోని భారత పౌరులు ఫారం 6ఎ ద్వారా నమోదైనా ఓటుకు స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావలసి ఉండటాన్ని గుర్తు చేసుకుంటే, ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

దరఖాస్తును ప్రతి సంవత్సరం జనవరిలో కొత్తగా పంపమని ఈ సేవ సూచిస్తుంది. విదేశంలో ఉన్న అమెరికా పౌరులు ఆ నెలలోనే, ఈమెయిల్ ఎంపికతో, ఆ పని పూర్తి చేయాలని నేను గట్టిగా కోరుతున్నాను.